వీగన్ అవుదామనుకుంటున్నాను, ఎవరి మాట నమ్మాలో తెలియడం లేదు

ప్రశ్న:

అందరికీ నమస్కారం. రెండు నెలలుగా వీగన్‌గా మారాలని ఆలోచిస్తున్నాను. మాంసం ఇదివరకే మానేశాను, ఇప్పుడు పాలు, గుడ్లు కూడా మానేద్దామని ఉంది. జంతువుల మీద జాలితోనే మొదలుపెట్టాను కానీ చదివేకొద్దీ అయోమయం పెరుగుతోంది. భూమి వేడెక్కడానికి సగానికి పైగా కారణం పశువుల పెంపకమేనని ఒక వీడియోలో అన్నారు. ఇంకో దాంట్లో అది 15 శాతం కూడా లేదన్నారు. వీగన్ తిండి తింటే గుండెజబ్బులు దరిచేరవని ఒక డాక్టరు గారు, ఎముకలు గుల్లబారిపోతాయని ఇంకో డాక్టరు గారు. ఇద్దరూ ఒకే నమ్మకంతో చెప్తున్నారు. "నీకేమైనా అయితే ఎలా?" అని అమ్మ రోజూ అడుగుతోంది. ఆవిడకి చూపించడానికైనా నమ్మదగిన సమాచారం కావాలి. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

మొదటి జవాబు:

మీ ప్రశ్నలో మూడు ప్రశ్నలు కలగలిసి ఉన్నాయండీ. ముందు వాటిని విడదీసుకోండి, సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది. జంతువుల్ని మన అవసరాలకి వాడుకోవడం న్యాయమా అన్నది ఒకటి. భూమికి ఎంత నష్టం అన్నది ఇంకొకటి. నా ఒంటికి సరిపడుతుందా అన్నది మూడోది. మొదటిదానికి జవాబు ఏ ల్యాబ్‌లోనూ దొరకదు, ఆలోచించి తేల్చుకోవాలి. మిగతా రెండూ కొలిచి చెప్పేవి. జంతువుల గురించి మనసుకి హత్తుకునేలా మాట్లాడిన మనిషిని విటమిన్ల విషయంలో కూడా గుడ్డిగా నమ్మేస్తాం. నేనూ అలాగే దెబ్బతిన్నాను, కింద చెప్తాను.

మీరు విన్న "సగానికి పైగా" లెక్క దగ్గర కాసేపు ఆగుదాం. ఆ అంకె 51 శాతం. 2009లో వరల్డ్ వాచ్ అనే పత్రికలో ఇద్దరు రాసిన వ్యాసంలోది. తోటి శాస్త్రవేత్తలు పరిశీలించి ఆమోదించిన పరిశోధన పత్రం కాదది. పశువులు వదిలే ఊపిరిని కూడా అందులో కలిపారు. మేత మొక్కలు గాలిలోంచి తీసుకున్న కార్బనే ఆ ఊపిరిలో తిరిగి బయటికొస్తుంది కాబట్టి మామూలుగా దాన్ని లెక్కలో వేయరు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2006లో 18 శాతం అంది, 2013లో 14.5 శాతం అంది, 2023లో సుమారు 12 శాతం అంది. అలాగని పశువుల వల్ల నష్టం తగ్గిపోయిందని కాదు. లెక్కగట్టిన పద్ధతీ, ఏ ఏడాది వివరాలు తీసుకున్నారన్నదీ మారాయి. అందుకే ఏ అంకె కనిపించినా, ఎవరు కొలిచారు, ఏ ఏడాదికి, వేటిని కలుపుకుని అన్నది చూడండి. ఈ వివరం ఇవ్వని వీడియోని అక్కడితో ఆపేయండి.

పర్యావరణం మీద ఒక్కటే చదవగలిగితే, 2018లో సైన్స్ పత్రికలో జోసెఫ్ పూర్, థామస్ నెమెచెక్ రాసిన పత్రం చదవండి. 119 దేశాల్లోని దాదాపు 38,700 పొలాల వివరాలు అందులో ఉన్నాయి. లోకమంతా జంతు ఉత్పత్తులు మానేస్తే ఆహారం కోసం వాడే భూమి 76 శాతం తగ్గుతుందన్న మాట వచ్చింది అక్కడి నుంచే. అది "మానేస్తే" అన్న ఊహ మీద వేసిన లెక్క, ఆ సంగతి గుర్తుంచుకోండి. ఒకే వస్తువుని ఒక రైతు పండించేదానికీ ఇంకో రైతు పండించేదానికీ నష్టంలో ఎంతో తేడా ఉంటుందని కూడా వాళ్లే చూపించారు. పత్రం కష్టంగా ఉంటే అవర్ వరల్డ్ ఇన్ డేటా సైట్‌లో ఇవే వివరాలు గ్రాఫులుగా ఉంటాయి.

ఇక నా సంగతి. వీగన్ అయిన కొత్తలో, స్పిరులినా (నీటిలో పెరిగే నాచులాంటిది) తింటే బి12 అనే విటమిన్ వచ్చేస్తుందని ఒక వీడియోలో విని మూడేళ్లు అదే నమ్మాను. ఆ తర్వాత రాత్రిపూట పాదాల్లో సూదులు గుచ్చినట్టు ఉండేది. నడక వల్లేమో అనుకున్నాను. రక్తపరీక్షలో బి12 బాగా తక్కువ అని వచ్చింది. స్పిరులినాలో ఎక్కువగా ఉండేది మన ఒంటికి పనికిరాని నకిలీ బి12. పైగా అసలు బి12 కాలేయంలో ఏళ్లకి సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి లోపం ఆలస్యంగా బయటపడుతుంది. "రెండేళ్లుగా నాకేం కాలేదు" అనే అనుభవాలు ఎన్ని చదివినా ఈ విషయంలో అక్కరకు రావు. బి12ని తయారుచేసేది బ్యాక్టీరియా. వీగన్‌లు బి12 కలిపిన ఆహారమో, మాత్రో తీసుకోవాల్సిందే. ఈ మాట చెప్పింది వీగనిజం అంటే గిట్టనివాళ్లు కాదు, 1944లో ఇంగ్లండ్‌లో పుట్టిన వీగన్ సొసైటీయే చెప్తోంది. రోజుకి 10 మైక్రోగ్రాముల మాత్ర, లేదా వారానికి 2000 మైక్రోగ్రాములు అని వాళ్ల సలహా. తమకి ఇబ్బంది కలిగించే నిజాన్ని దాచకుండా ముందు పెట్టేవాళ్లని నేను ఎక్కువ నమ్ముతాను.

అడిగినావిడ:

చాలా థాంక్స్ అక్కా. స్పిరులినా పొడి నేనూ ఆర్డర్ పెట్టి ఉంచాను! మరి గుండె, ఎముకల సంగతి? అమ్మ భయమంతా అక్కడే.

మొదట జవాబిచ్చినావిడ:

ఆ ఇద్దరు డాక్టర్లూ బహుశా ఒకే అధ్యయనంలోంచి చెరో ముక్క చెప్తున్నారు. దాని పేరు ఎపిక్ ఆక్స్‌ఫర్డ్, బ్రిటన్‌లో వేలమందిని ఏళ్ల తరబడి గమనించారు. 2019 ఫలితాల ప్రకారం, వీగన్‌లతో కలిపి శాకాహారుల్లో గుండె రక్తనాళాల జబ్బు మాంసాహారుల కన్నా 22 శాతం తక్కువ, బ్రెయిన్ స్ట్రోక్ 20 శాతం ఎక్కువ. వినడానికి రెండూ సమానంగా అనిపిస్తాయి కదా? మనుషుల్లో లెక్కేస్తే, వెయ్యిమందిలో పదేళ్లకి గుండెజబ్బు కేసులు 10 తక్కువ, స్ట్రోకులు 3 ఎక్కువ. శాతం వినగానే "వెయ్యిమందిలో ఎంతమంది?" అని వెతకండి. ఎముకల మాటా నిజమే. 2020లో వచ్చిన ఫలితాల్లో వీగన్‌లకి ఎముకలు విరగడం పదేళ్లలో వెయ్యికి దాదాపు 20 కేసులు ఎక్కువ. కాల్షియం, ప్రొటీన్ తక్కువ తీసుకోవడం, బరువు తక్కువ ఉండటం అందులో కొంతవరకే కారణం. దీన్ని అమ్మ దగ్గర దాచకండి. కాల్షియం, విటమిన్ డి, అయోడిన్ ఎలా తీసుకుంటారో ముందే రాసి చూపిస్తే ఆవిడ భయానికి సరైన జవాబవుతుంది.

పోషకాల వివరాలకి అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ వాళ్ల సప్లిమెంట్ల విభాగం పేజీలు చూడండి. ప్రతి పోషకానికీ మామూలు పాఠకులకి ఒక పేజీ, వైద్యులకి ఒక పేజీ ఉంటాయి. సంస్థలు మాట మార్చుకోవడం చూసి కంగారు పడొద్దు. జర్మనీ పోషకాహార సంఘం 2016లో గర్భిణులకీ పిల్లలకీ వీగన్ ఆహారం సిఫారసు చేయలేమంది. 2024లో వాళ్ల విషయంలో అవుననీ కాదనీ గట్టిగా చెప్పలేమంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి మాత్రం బి12 తీసుకుంటూ, ఆలోచించి తింటే మంచిదేనంది. మీరు గర్భవతి అయితే, లేదా మందులు వాడుతుంటే డైటీషియన్‌ని కలిశాకే మారండి.

మరొకరు:

నేను లైబ్రరీలో పనిచేస్తానండీ, వెతకడం గురించి ఒక మాట. వైద్య పరిశోధన పత్రాలు వెతికే సైట్ పబ్‌మెడ్‌లో "వీగన్ డైట్" అని కొడితే కుప్పలుగా వస్తాయి. ఎడమ పక్కన "సిస్టమాటిక్ రివ్యూ" (ఒక విషయం మీద వచ్చిన పరిశోధనల్ని కలిపి పరిశీలించే పత్రం), "ఫ్రీ ఫుల్ టెక్స్ట్" అని గడులుంటాయి, రెండూ టిక్ చేయండి. పత్రం తెరిచాక ముందు కిందికి వెళ్లి, డబ్బు ఎవరిచ్చారో, రచయితలకి ఏ కంపెనీలతో లావాదేవీలున్నాయో రాసిన పేరా చదవండి. పాల కంపెనీ డబ్బిస్తే ఎంత జాగ్రత్తగా చదువుతామో, వీగన్ ఉత్పత్తుల కంపెనీ ఇచ్చినా అంతే జాగ్రత్తగా చదవాలి.

న్యాయం గురించిన ప్రశ్నకి స్టాన్‌ఫర్డ్ ఫిలాసఫీ ఎన్‌సైక్లోపీడియా ఉచితంగా దొరుకుతుంది. తత్వవేత్తల్లో పీటర్ సింగర్ జంతువుల బాధని లెక్కలోకి తీసుకోమంటాడు, టామ్ రీగన్ వాటికి హక్కు ఉందంటాడు. బాధ లేకుండా పెంచితే సరేనా అని అడిగితే ఇద్దరి దారులూ వేరైపోతాయి. వీళ్లతో ఒప్పుకోనివాళ్ల వాదనలు కూడా అందులోనే ఉంటాయి, వాటిని వదిలేయకండి.

అడిగినావిడ:

మీరు చెప్పినట్టే ఒకటి ప్రయత్నించాను. "ప్రాసెస్ చేసిన మాంసం సిగరెట్‌తో సమానం" అన్న పోస్టు పట్టుకుని వెనక్కి వెళ్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2015లో ఈ మాంసాన్ని, పొగతాగడం అప్పటికే ఉన్న గ్రూపులో పెట్టిందని తేలింది. అయితే పోస్టు నిజమేనా?

మొదట జవాబిచ్చినావిడ:

సరైన చోటికే చేరుకున్నారు, ఇంకొక్క పేజీ చదవండి. ఆ గ్రూపు చెప్పేది క్యాన్సర్ కలిగిస్తుందనడానికి రుజువు ఎంత గట్టిదని మాత్రమే, ప్రమాదం ఎంత పెద్దదని కాదు. ప్రాసెస్ చేసిన మాంసం రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ప్రమాదం 18 శాతం పెరుగుతుందని వాళ్ల అంచనా. పొగతాగడం వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది. రుజువు గట్టిదే, పోలిక మాత్రం తప్పు. అమ్మకి చూపించే కాగితంలో ఆ 18 శాతం రాయండి, సిగరెట్ మాట తీసేయండి. ఆ స్పిరులినా ఆర్డర్ రద్దుచేసి బి12 మాత్రలు తెప్పించుకోండి.