మార్వెల్ పొగిడింది క్రామ్‌వెల్‌నా, చనిపోయిన రాజునా?

చదువరి:
ఇంగ్లండ్ రాజు ఛార్లెస్‌ని ఓడించిన పార్లమెంటు పక్షపు సేనాని క్రామ్‌వెల్ 1650లో ఐర్లండ్ దండయాత్ర నుంచి తిరిగొచ్చినప్పుడు ఇంగ్లిష్ కవి ఆండ్రూ మార్వెల్ రాసిన ‘హొరేషియన్ ఓడ్’ (రోమన్ కవి హొరేస్ పద్ధతిలో రాసిన పద్యం) నా దృష్టిలో పచ్చి భట్రాజు కవిత్వం. 1655లో ఇంకో పొడుగాటి పొగడ్త రాశాడు. 1657లో క్రామ్‌వెల్ ప్రభుత్వంలో, కవి మిల్టన్ పనిచేసే ఆఫీసులోనే ఉద్యోగం దొరికింది. ఇంకేం కావాలి?

పాతపుస్తకం:
చదువరి గారూ, తొందరపడుతున్నారు. మెప్పు కోసం రాసినవాడు దాన్ని అచ్చు వేయించుకోడా? ఈ పద్యం ఆయన బతికుండగా అచ్చు కాలేదు. 1678లో పోయాడు. 1681లో పుస్తకం వేస్తూ దాదాపు అన్ని ప్రతుల్లోంచీ దీన్ని తీసేశారు.

అసలు సంగతి పద్యం మధ్యలో ఉంది. 1649 జనవరి 30న ఛార్లెస్ రాజు తల నరికిన ఘట్టం. చుట్టూ సైనికులు నెత్తుటి చేతులతో చప్పట్లు కొడుతుంటారు. రాజు నీచంగా ఏమీ చేయడు, దేవుళ్లని తిట్టడు. గొడ్డలి అంచుని దానికంటే పదునైన చూపుతో ఒకసారి పరికించి, పక్క మీద వాలినట్టు తల వాలుస్తాడు. లాటిన్‌లో ‘ఆకియేస్’ అంటే కత్తి అంచూ, కంటిచూపూ కూడా. మనం ‘వాడి చూపు’ అంటాం కదా, ఆ శ్లేష మనకు ఇట్టే అందుతుంది. క్రామ్‌వెల్‌ని పొగిడే పద్యంలో అందరికంటే అందంగా కనిపించేది ఆయన చంపించిన మనిషే! నేనైతే ఆ పంక్తుల దగ్గర ప్రతిసారీ ఆగిపోతాను.

చదువరి:
ఆ ఘట్టం గొప్పదే, ఒప్పుకుంటా. మరి ఐర్లండ్ మాటేమిటండీ? 1649 సెప్టెంబరులో అక్కడి ద్రోహెడా పట్నంలో క్రామ్‌వెల్ సైన్యం అంత ఊచకోత కోసింది. మార్వెలేమో క్రామ్‌వెల్ మంచివాడని, న్యాయవంతుడని ఐరిష్ వాళ్ల నోటితోనే అనిపిస్తాడు.

పాతపుస్తకం:
దాన్ని నేను సమర్థించను. వ్యంగ్యమని తప్పించేవాళ్లున్నారు, నాకలా అనిపించదు. అది పద్యానికి మచ్చే.

కానీ ముగింపు చూడండి. కత్తిని నిటారుగా పట్టుకునే ఉండు, అధికారం ఏ విద్యలతో వచ్చిందో వాటితోనే నిలబెట్టుకోవాలి అంటాడు. గెలిచాక కూడా కత్తి దించలేవని ముఖం మీద చెప్పడం భట్రాజు పనా?

చదువరి:
ఆ చివరి పంక్తులు నేను దీవెనగా చదివాను. రాత్రికి మళ్లీ మొత్తం చదివి వస్తాను. ఐర్లండ్ విషయంలో మాత్రం నా మాట అదే.