డ్రైవర్ పేరు మార్చి క్లెయిమ్ రాశాం, ఇన్వెస్టిగేటర్ ఫోన్ చేశాడు. ఇప్పుడేం చేయాలి?

ఉప్పల్ వాసి:
అందరికీ నమస్తే. కారు నా పేరు మీదే ఉంది, ఫుల్ ఇన్సూరెన్స్. అక్కావాళ్లింట్లో పెళ్లి పనులున్నాయని శనివారం సూర్యాపేట తీసుకెళ్లి, అక్కడే వదిలేసి ఆదివారం రాత్రి బస్సెక్కి వచ్చేశాను. మంగళవారం పొద్దున పదకొండింటికి మా మేనల్లుడు నడుపుతూ డివైడర్‌కు గుద్దాడు. పక్కన బావ ఉన్నాడు. వాడి ముక్కు మీద దెబ్బ తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. వాడికి పంతొమ్మిదేళ్లు, ఇంకా ఎల్ఎల్ఆరే (లెర్నర్ లైసెన్స్). గ్యారేజీలో "ఎల్ఎల్ఆర్ అంటే క్లెయిమ్ రాదు సార్, మీ పేరు రాసేయండి, అందరూ చేసేదే" అన్నారు. రాసి సంతకం పెట్టాను. ఎస్టిమేట్ 1,84,000.

నిన్న ఇన్సూరెన్స్ కంపెనీ ఇన్వెస్టిగేటర్ ఫోన్. "గుద్దుకున్నాక మీరు ఇంటికెలా వెళ్లారు సార్?" అన్నాడు. నోరు తడబడి బస్సులో అన్నాను. మంగళవారం ఆఫీసు హాజరు వివరాలు, ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ పట్టుకుని ఈ శుక్రవారం రమ్మన్నాడు. బావేమో అదే మాట మీద ఉండమంటున్నాడు.

వైజాగ్ రైడర్:
బావగారు చెప్పిందే కరెక్ట్. వాళ్ల దగ్గర సాక్ష్యం ఏముంటుంది బ్రో? పేరు మార్చి రాసి క్లెయిమ్ తెచ్చుకున్నవాళ్లు మా ఫ్రెండ్స్‌లోనే ఉన్నారు.

పాత సర్వేయర్:
రైడర్ గారూ, సాక్ష్యం ఎంతుందో చెప్తా వినండి. ఫాస్టాగ్‌లో శనివారం పంతంగి, కొర్లపహాడ్ టోల్‌గేట్లు దాటిన ఎంట్రీలుంటాయి, తిరుగు ఎంట్రీ ఉండదు. మంగళవారం పదకొండింటికి ఉప్పల్ వాసి గారి వేలిముద్ర ఆఫీసు మిషన్‌లో పడి ఉంటుంది. ముక్కుకు కట్టు కట్టిన ఆసుపత్రి చీటీలో ఎవరి పేరుంది? ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుని ఉంటే ఆ దెబ్బ ఎవరికి తగలాలి? నేను ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున దెబ్బతిన్న బండ్లు సర్వే చేసిన రోజుల్లో కారెక్కగానే ముందు చూసేది డ్రైవర్ సీటు ఎంత ముందుకు జరిపి ఉందని. ఆరడుగుల ఓనర్ "నేనే నడిపాను" అంటాడు, సీటేమో స్టీరింగ్‌కు ఆనుకుని ఉంటుంది. దాన్నొక ఫొటో తీసి ఊరుకునేవాణ్ని, అడిగేవాణ్ని కూడా కాదు.

ఉప్పల్ వాసి గారూ, అసలు బాధేంటంటే, గ్యారేజీవాళ్లు చెప్పిందే తప్పు. మన కారు పాలసీల్లో డ్రైవర్ గురించి రాసిన పేరా తీసి చదవండి. లెర్నర్ లైసెన్స్ ఉన్నవాళ్లు కూడా నడపొచ్చు, కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 3వ నిబంధన పాటించాలని ఉంటుంది. అంటే పక్కన లైసెన్సున్న మనిషి బండిని అదుపు చేయగలిగేలా కూర్చోవాలి, ముందూ వెనకా తెల్లటి పలక మీద ఎర్రటి ఎల్ అక్షరం ఉండాలి. ఎల్ఎల్ఆర్ గడువు ఆరు నెలలు, అది దాటకూడదు. ఇవన్నీ ఉంటే మీ మేనల్లుడి పేరు రాసినా క్లెయిమ్ నడిచేది. రావాల్సిన డబ్బును చేజేతులా అనుమానంలో పడేసుకున్నారు.

ఫారం కింద డిక్లరేషన్ చదివారా? ఇందులో అబద్ధం ఉంటే పరిహారం హక్కు పోతుందని సాధారణంగా ఉంటుంది. దొరికితే డివైడర్ దెబ్బే కాదు, మొత్తం క్లెయిమ్ పోతుంది. ఇక పాత 420 ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 318(4), ఏడేళ్ల వరకు శిక్ష. డబ్బు ఇంకా చేతికి రాలేదు కదా అనుకోకండి, ప్రయత్నమూ నేరమే. ఇంత చిన్నవాటికి కంపెనీలు పోలీసుల దాకా వెళ్లడం నేనైతే పెద్దగా చూడలేదు. కానీ శుక్రవారం వెళ్లి మళ్లీ అబద్ధం రాసిస్తే, పైగా బావగారితో సాక్షి సంతకం పెట్టిస్తే, కథ మారిపోతుంది. ఇద్దరూ ఇరుక్కుంటారు.

నల్లగొండ మెకానిక్:
నేను గ్యారేజోన్నే, నిజం చెప్తున్న. క్యాష్‌లెస్ బిల్లు పాస్ గావాలె, అందుకే గట్ల చెప్తరు. సంతకం మీది, వాళ్లది గాదు. రేపు రిజెక్ట్ అయితే "మేం జెప్పలే సార్" అని తప్పుకుంటరు. పాత గీతలు, సొట్టలు గూడ ఇదే క్లెయిమ్‌ల వేద్దాం అంటరు, దానికి తలూపకుండ్రి. పాత సొట్టల తుప్పు, బురద ఉంటయ్, సర్వేయర్ గోటితో గీకి జూస్తడు.

తెనాలి లాయరమ్మ:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. 2010లో సుప్రీంకోర్టు అమలేందు సాహూ కేసు చెప్పి "75 శాతమైనా వస్తుంది" అని ధైర్యం చెప్పేవాళ్లుంటారు. అది సొంత కారును కిరాయికి తిప్పిన కేసు, అంటే షరతు ఉల్లంఘన. క్లెయిమ్‌లో అబద్ధం చెప్పిన సంగతి వేరు, రెండూ కలిపి చూసుకోకండి.

చేయాల్సింది ఇది. శుక్రవారం లోపే క్లెయిమ్ నంబరు వేసి కంపెనీకి మెయిల్ పెట్టండి, కాగితం కూడా ఇచ్చి రసీదు తీసుకోండి. "డ్రైవర్ పేరు తప్పు రాశాను, నడిపింది ఫలానా, ఎల్ఎల్ఆర్ జత చేస్తున్నాను, పక్కన ఫలానా వారున్నారు" అని నాలుగు వాక్యాలు. గ్యారేజీ మీద నెపం, ఏడుపు అక్కర్లేదు. పంపే ముందు దగ్గర్లోని లాయరుకు ఒక్కసారి చూపించండి, ఒప్పుకోలు కాగితం కదా. దీంతో డబ్బు వస్తుందని హామీ ఇవ్వలేను. రాకపోయినా కేసు భయం బాగా తగ్గుతుంది.

కూకట్‌పల్లి సుబ్బు:
ఇదే చోట నాదీ ఒకటి. పోయిన ఏడాది క్లెయిమ్ తీసుకుని, కంపెనీ మారేటప్పుడు ఆన్‌లైన్‌లో "క్లెయిమ్ లేదు" నొక్కాను, 25 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనివాళ్లకు ప్రీమియంలో తగ్గింపు) ఇచ్చారు. ఫర్వాలేదా?

పాత సర్వేయర్:
ఫర్వా ఉంది సుబ్బుగారూ. పాత కంపెనీని ఒక్క ముక్క అడిగితే బయటపడుతుంది. ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో అని మన హైదరాబాద్‌లోనే ఉంది, అన్ని కంపెనీల పాలసీల, క్లెయిముల లెక్కలు అక్కడికి చేరతాయి. ఈరోజే ఫోన్ చేసి తేడా ప్రీమియం కట్టేయండి. గుద్దుకున్నాక గుర్తొస్తే లాభం లేదు.

ఉప్పల్ వాసి:
లాయరమ్మ గారూ, మెయిల్ పెట్టాను, కాగితం ఇచ్చి స్టాంపు వేయించుకున్నాను. శుక్రవారం ఇన్వెస్టిగేటర్ చదివి "ముందే చెప్పుంటే బాగుండేది సార్" అని, బావ దగ్గర, మేనల్లుడి దగ్గర విడివిడిగా స్టేట్‌మెంట్లు తీసుకున్నాడు. బావ లైసెన్స్ 2031 దాకా ఉంది. ఎల్ఎల్ఆర్ తీసి రెండు నెలలే అయింది. ఎల్ బోర్డు ఉందా అని అడిగాడు. వెనక అద్దానికి ఉంది, ముందుది బంపరుతోపాటు పోయినట్టుంది. క్లెయిమ్ ఇంకా పెండింగే. గ్యారేజీవాడు మాత్రం రోజుకు మూడొందలు పార్కింగ్ అంటున్నాడు. రిజెక్ట్ చేస్తే ఎక్కడికెళ్లాలి?

తెనాలి లాయరమ్మ:
ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు, కంపెనీ తోసిపుచ్చిన ఏడాది లోపు వెళ్లాలి. వినియోగదారుల కమిషన్‌కైతే రెండేళ్ల గడువు. అక్కడ కూడా మొదటి ఫారంలో అబద్ధం రాసిన సంగతి దాచొద్దు, అవతలివాళ్లు మొదట తీసే కాగితం అదే.

పాత సర్వేయర్:
పార్కింగ్ సంగతి గ్యారేజీతో కాగితం మీద తేల్చుకోండి. బండిని క్రేన్ ఎక్కించినప్పుడు ఎవరైనా ఫోన్‌లో ఫొటో తీశారేమో బావగారిని అడగండి. విరిగిన బంపరు ముక్కలు డిక్కీలో ఉంటే పారేయనివ్వొద్దు. ఆ పలక పద్దెనిమిది సెంటీమీటర్ల చదరం, అంత సులువుగా మాయమైపోదు.

ఉప్పల్ వాసి:
డిక్కీలో దొరికింది సార్! సగం చిరిగింది, ఎర్ర ఎల్ మాత్రం కనబడుతోంది. ఫొటో తీసి ఇప్పుడే పంపాను.