ఆపరేషనై ఇంటికొచ్చిన పేషెంటుని ఏ లక్షణం చూసి వెనక్కి పంపాలి?

లంక_సీహెచ్‌ఓ
సఖినేటిపల్లి, మలికిపురం, మామిడికుదురు వైపు విలేజ్ క్లినిక్కుల్లో పనిచేసేవాళ్ల కోసం అడుగుతున్నానండి. గాల్‌బ్లాడర్ రాళ్లకి ల్యాప్రోస్కోపీ, హెర్నియా, గర్భసంచి తీయడం – ఇవి అమలాపురంలోనో భీమవరంలోనో చేయించుకుని రెండు మూడు రోజులకే ఇంటికొచ్చేస్తున్నారు. "చిన్న ఆపరేషనే కదా" అన్నవాటిల్లోనూ అరుదుగా ప్రాణం మీదికొస్తుంది. డిశ్చార్జి కాగితంలో "జ్వరం వస్తే రండి" అని తప్ప ఏమీ ఉండదు. మన దగ్గరుండేవి బీపీ మిషను, పల్సాక్సీమీటరు, థర్మామీటరు, గ్లూకోమీటరు, టేపు. వీటితో ఏం చూడాలి? గ్యాస్ నొప్పికీ, లోపల తేడా చేసిన నొప్పికీ తేడా ఎలా పట్టాలి?

కత్తి_కుట్టు (జనరల్ సర్జరీ)
జ్వరం కోసం ఎదురుచూడకండి, అది ఆఖర్న వస్తుంది. ముందు నాడి చూడండి.

ల్యాప్రోస్కోపీలో పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపుతారు కాబట్టి కుడి భుజం మీద లాగినట్టు నొప్పి మామూలే. అది రెండు మూడు రోజుల్లో తగ్గిపోవాలి. పేషెంటు నిన్నటికంటే ఇవాళ బాగుండాలి. లేచి నడిచి, కాఫీ తాగి, ఇడ్లీ తిన్న మనిషి మూడోరోజు మళ్లీ మంచమెక్కితే, పొట్ట ఉబ్బి, అన్నం సయించక, నాడి 100 దాటి ఉంటే అది గ్యాస్ కాదు. పసరు (పైత్యరసం) కారుతోందనో, పేగుకి చిల్లు పడిందనో అనుమానించాలి.

ఈ రెండూ ఎందుకు మోసం చేస్తాయంటే: పసరు తిత్తి (గాల్‌బ్లాడర్) గొట్టానికి వేసిన క్లిప్పు జారినా, లివర్ వైపు చిన్న గొట్టం తెగినా, పసరు మొదట్లో పొట్టని అంతగా మండించదు. నొక్కితే పొట్ట మెత్తగానే ఉంటుంది. వికారం, ఉబ్బరం, 99–100 జ్వరం, అంతే. కళ్లు పచ్చబడేసరికి ఆలస్యమైపోతుంది. పేగు సంగతి ఇంకోలా ఉంటుంది. కాటరీ (కరెంటు వేడితో కోసి, రక్తం ఆపే పరికరం) వేడి తగిలి కాలిన చోట వెంటనే చిల్లు పడదు, ఆ గోడ చచ్చి ఊడటానికి రోజులు పడుతుంది. అందుకే డిశ్చార్జి రోజున బాగున్న మనిషి మూడోరోజో అయిదోరోజో కూలబడతాడు.

రక్తస్రావమైతే ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే. ఒంట్లో రక్తం సుమారు 30 శాతం పోయేదాకా పై బీపీ నిలబడే ఉంటుంది, నాడి మాత్రం ముందే పెరుగుతుంది. బీపీ 120 ఉందని ధైర్యపడకండి. అప్పుడే తీసిన హిమోగ్లోబిన్ కూడా మామూలుగానే చూపిస్తుంది. డ్రెయిన్‌లో (లోపలి ద్రవం బయటికి రావడానికి పెట్టిన గొట్టంలో) ఏమీ రాలేదంటే లోపల ఏమీ లేదని కాదు, గొట్టంలో రక్తం గడ్డకట్టి మూసుకుపోయి ఉండొచ్చు.

గర్భసంచి ఆపరేషన్లలో రెండోవారం కూడా చూడాలి. కుట్ల దగ్గర ఇన్ఫెక్షన్ చేరి 7–14 రోజుల మధ్య ఉన్నట్టుండి రక్తం పోవచ్చు. నడుం పక్క నొప్పి, కింద నుంచి నీళ్లలా ఆగకుండా కారడం ఉంటే మూత్రనాళమో మూత్రాశయమో దెబ్బతిందేమో చూడాలి. దాన్ని తెల్లబట్ట అనుకుని మాత్రలిచ్చి పంపేస్తుంటారు.

మత్తు_మాస్టారు (అనస్థీషియా)
పై సారు చెప్పిన నాడి లెక్కకి ఒక మినహాయింపు. నాడిని తగ్గించే అటెనొలాల్, మెటోప్రొలాల్ మాత్రలు వాడే బీపీ పేషెంటుకి లోపల ఏం జరుగుతున్నా నాడి 85 దాటకపోవచ్చు. ముసలివాళ్లకీ, షుగరువాళ్లకీ, స్టిరాయిడ్లు వాడేవాళ్లకీ జ్వరం రాకపోవచ్చు, పొట్ట గట్టిపడకపోవచ్చు. పూటపూటా పారాసిటమాల్ పడుతున్నా థర్మామీటరు అబద్ధం చెబుతుంది. అలాంటివాళ్లలో ఊపిరి లెక్కపెట్టండి. పేషెంటుకి చెప్పకుండా, నిండా ఒక నిమిషం. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించడం వద్దు. 22 దాటితే తేలిగ్గా తీసుకోకండి, 25 దాటితే పంపేయండి. కొత్తగా తికమకగా మాట్లాడినా అంతే. "నీరసంతో కలవరిస్తోందండీ" అని ఇంట్లోవాళ్లు అంటారు, నమ్మకండి.

ఇంకోటి, దీని గురించి పల్లెల్లో దాదాపు ఎవరూ అడగరు: డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ షుగరు మాత్రలు. వీటిని ఆపరేషన్‌కి కనీసం 3 రోజుల ముందే ఆపాలి. ఆపకుండా ఉపవాసం ఉంచి ఆపరేషన్ చేస్తే కీటోన్లు పేరుకుని రక్తం ఆమ్లమైపోతుంది. గ్లూకోమీటరులో 160, 180 చూపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. వాంతులు, పొట్టనొప్పి, లోతుగా వేగంగా ఊపిరి ఉంటే వాడుతున్న మాత్రల స్ట్రిప్పు చూడండి. దీనికి ఇన్సులిన్, దాంతోపాటే డెక్స్‌ట్రోస్ ఎక్కించాలి, పొటాషియం చూసుకుంటూ. అది ఇంట్లో అయ్యే పని కాదు.

గుండె_లయ (జనరల్ మెడిసిన్)
కాలి రక్తనాళంలో గడ్డ కట్టి ఊపిరితిత్తులకి ఎగదన్నడం గురించి ఎవరూ రాయలేదు. "బాగానే ఉంది, బాత్రూమ్‌కి లేచి వెళ్లి పడిపోయింది" అనే చావుల్లో చాలావాటికి ఇదే కారణం. ఈ ప్రమాదం కొన్ని వారాల దాకా ఉంటుంది. టేపు దీనికే వాడండి: మోకాలి చిప్ప కింద ఎముక బొడిపె నుంచి 10 సెంటీమీటర్లు కిందికి కొలిచి, అక్కడ రెండు పిక్కల చుట్టుకొలత తీయండి. తేడా 3 సెంటీమీటర్లు దాటితే అదే రోజు డాప్లర్ (రక్తనాళాల స్కానింగ్) తీయించాలి. కాలిలో ఏమీ కనపడకుండానే ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పోటు, కళ్లు తిరగడం, ఆక్సిజన్ 94 కంటే తగ్గడం ఉంటే డాప్లర్ అనుకుంటూ కూర్చోకుండా 108 పిలవండి. వాచిన పిక్కకి నూనె రాసి మర్దన చేయనివ్వకండి.

మన వైపు పథ్యాలు కూడా దీనికి తోడవుతాయి. "నీళ్లు తాగితే కుట్లు చీము పడతాయి" అని గ్లాసుడు నీళ్లతో రోజంతా సరిపెట్టి, మంచం దిగనివ్వరు. నీళ్లు తగ్గితే రక్తం చిక్కబడుతుంది, కిడ్నీ దెబ్బతింటుంది. డాక్టరు ప్రత్యేకంగా వద్దంటే తప్ప నీళ్లు తాగాలి, మొదటి రోజు నుంచే నడవాలి. మూత్రం ఆరు గంటలుగా రాకపోయినా, 60 కిలోల మనిషికి గంటకి 30 ఎంఎల్ కంటే తగ్గినా అనుమానించండి.

ఆర్‌ఎంపీ_పాతకాపు
నొప్పితో మెలికలు తిరుగుతుంటే ఒక డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ చేసి సెలైన్ పెడితే తప్పేంటండి? నొప్పి మందిస్తే లక్షణాలు దాగిపోతాయన్నది పాత మాట.

కత్తి_కుట్టు
సగం నిజమండి. నొప్పి మందు వల్ల రోగ నిర్ధారణ చెడిపోదు, ఇచ్చి పడుకోబెట్టడం వల్ల చెడుతుంది. ఇవ్వాలంటే పారాసిటమాల్ ఒక గ్రాము ఇచ్చి, టైము కాగితం మీద రాసి, బండెక్కించండి. డైక్లోఫెనాక్ మాత్రం వద్దు. ఒంట్లో నీరో రక్తమో తగ్గిన మనిషికి అది నేరుగా కిడ్నీ మీద పడుతుంది. చీటీలో రాయని యాంటీబయాటిక్ మాత్రలూ అంతే, జ్వరం రెండు రోజులు అణిగి మూడోరోజు షాక్‌లోకి వెళతారు.

స్టాఫ్‌నర్స్_క్యాజువాలిటీ
పంపేటప్పుడు నోటితో ఏమీ పెట్టొద్దు. కుదిరితే 18 గేజ్ కాన్యులా (నరానికి పెట్టే సూది గొట్టం), రింగర్ లాక్టేట్ సెలైన్ 500 ఎంఎల్, ఆక్సిజన్. కాగితం మీద ఆపరేషన్ తేదీ, పేరు, డ్రెయిన్ రంగు, నాడి, బీపీ, ఊపిరి టైముతో సహా, వాడే మాత్రలు. డిశ్చార్జి షీటు ఇంట్లో మర్చిపోయి రావడమే పెద్ద తలనొప్పి.

ఆపరేషన్ చేసిన డాక్టరుకి ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి: రాత్రి సీటీ తీస్తారా, వెంటిలేటర్ ఉన్న ఐసీయూ ఉందా, రక్తం దొరుకుతుందా. ఒక్కటి లేకపోయినా అక్కడికి వెళ్లి మళ్లీ బయల్దేరడం కంటే నేరుగా కాకినాడ జీజీహెచ్‌కో (ప్రభుత్వ పెద్దాసుపత్రి) రాజమండ్రికో పోవడం మేలు. సఖినేటిపల్లి నుంచి రాత్రిపూట నరసాపురం పంటుని నమ్ముకోవద్దు, చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు వెళ్లండి. కాకినాడకైతే ఎదుర్లంక–యానాం వంతెన, రాజమండ్రికైతే రావులపాలెం. గోదావరికి వరదొచ్చే రోజుల్లో లంక ఊళ్లవాళ్లకి ఆపరేషనైతే కుట్లు విప్పేదాకా కాజ్‌వేకి ఇవతల చుట్టాలింట్లో ఉండమని డిశ్చార్జికి ముందే చెప్పండి.