ఐటీ పెరిగితే హైదరాబాద్ వానకు తట్టుకుంటుందా?

గోల్కొండ_వాసి: కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలు ఐటీ పార్కుల కోసం వేలం వేద్దామనుకున్నారు. పక్కనున్న సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు అడ్డుపడ్డారు. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపించింది. అప్పటి నుంచి మా ఆఫీసులో ఇదే వాదన. ఐటీ డబ్బుంటేనే నగరం వరదకూ ఎండకూ తట్టుకుంటుందా, లేక ఆ డబ్బు కోసమే ఆ శక్తిని అమ్ముకుంటున్నామా?

కోడ్_రాజు: 1998లో సైబర్ టవర్స్ తెరిచేనాటికి అక్కడన్నీ రాళ్లూ తుప్పలే. ఇప్పుడు ఎన్ని కుటుంబాలు బతుకుతున్నాయో చూడండి. మురుగు శుద్ధి ప్లాంట్లకూ కొత్త నాలాలకూ పన్నులు ఎవరు కట్టాలి? చెరువు కబ్జా అయితే శాటిలైట్ ఫొటోలో పట్టుకుంటున్నాం, అదీ టెక్నాలజీయే కదా.

చెరువు_గట్టు: రాజు గారూ, మా ఇంట్లో ఇద్దరమూ ఐటీలోనే, జీతాల సంగతి కాదనను. కానీ మీరు తుప్పలని తీసిపారేసిన చోటే వాన ఇంకేది. మనది గ్రానైట్ నేల. భూగర్భజలం పైపొరలోనూ రాతి పగుళ్లలోనూ తప్ప నిలవదు. పాతవాళ్లు గొలుసుకట్టు చెరువులు తవ్వారు, ఒకటి అలుగు పారితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరేవి. మధ్యలో వాగును పూడ్చి కడితే నీళ్లు ఇళ్లలోకి రాక ఎటు పోతాయి? 2020 అక్టోబరులో టోలిచౌకి నదీం కాలనీ మునిగింది. 2024 ఎండాకాలంలో కొండాపూర్, మణికొండ అపార్ట్‌మెంట్లు ట్యాంకర్ల కోసం కాచుకున్నాయి.

1908 మూసీ వరద తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారు. వాటి చుట్టూ 10 కిలోమీటర్ల దాకా కట్టడాలను కట్టడి చేస్తూ 1996లో జీవో 111 ఇచ్చారు. 2022లో జీవో 69తో ఆ ఆంక్షలు తీసేయడానికి సిద్ధపడ్డారు. అప్పుడు శాటిలైట్ ఫొటోలు లేవా? ఫొటో చూసి పర్మిషన్ ఆపేవాళ్లు కావాలి.

కోడ్_రాజు: సరే, మరి కంపెనీలు ఎక్కడికి పోవాలి? బెంగళూరుకా?

చెరువు_గట్టు: అక్కడా 2022లో ఔటర్ రింగ్ రోడ్డు ఐటీ ఆఫీసులు మునిగాయి, ఉద్యోగులు ట్రాక్టర్ల మీద వెళ్లారు. కంపెనీలకూ మునగని నేల కావాలి సార్.

మూసీ_ఒడ్డు: ఒక మాట. జీతం వచ్చేది ఒకరికి, నీళ్లొచ్చేది ఇంకొకరి ఇంట్లోకి. మా నాన్న గచ్చిబౌలిలో వాచ్‌మన్, మా ఇల్లు నాలా పక్కన. ఏ ఐటీ పార్కుకు భూమి ఇచ్చినా ముందు అక్కడి చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు) మ్యాపు, నీళ్లు పారే దారి జనం ముందు పెట్టాలి. కింది బస్తీలవాళ్లను అడిగాకే పర్మిషన్ ఇవ్వాలి. దీనికి రాజు గారు ఒప్పుకుంటారా?