స్టెంట్ వేసుకున్నవారికి గాలి కాలుష్యంతో ఏమిటి ఇబ్బంది?

ప్రశ్న – వెన్నెలదారి
నాన్నకు స్టెంట్ వేశారు. రోజూ నడవమన్న డాక్టరుగారే, పీఎం 2.5 ఎక్కువున్న రోజు మాత్రం బయటికి వెళ్లొద్దన్నారు. నాన్నకు దగ్గు లేదు, ఆయాసం లేదు. "పొగ పోయేది ఊపిరితిత్తుల్లోకి కదా, గుండెకేంటి?" అని ఆయన వాదన. ఏం చెప్పాలో తెలియడం లేదు.

మబ్బుచాటు
సిగరెట్, షుగర్, కొలెస్ట్రాల్ చూసుకుంటే చాలండీ. గాలికి గుండెపోటు వస్తుందంటే నాకు నమ్మబుద్ధి కాదు.

పాత ఈసీజీ
గుండె విభాగంలో టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. డాక్టర్ని కాను, కానీ ట్రెడ్‌మిల్ దగ్గర ఈ ప్రశ్న చాలామంది అడిగేవారు.

ఊపిరితిత్తుల్లోంచి బయల్దేరిన రక్తం నేరుగా చేరేది గుండె ఎడమవైపుకే. ముందు ఈ సంగతి నాన్నగారికి చెప్పండి. ఇక పీఎం 2.5 అంటే 2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్నవైన రేణువులు. తల వెంట్రుక మందంలో దాదాపు ముప్పయ్యో వంతు. ముక్కు, గొంతు వీటిని ఆపలేవు, ఊపిరితిత్తుల చివరనుండే గాలిగదుల దాకా పోతాయి. వాటిని మింగడానికి వచ్చిన రక్షణ కణాలు వాపు పుట్టించే రసాయనాలు వదులుతాయి. ఒక్క దొంగ కోసం కాపలావాడు ఊరంతా లేపినట్టు, ఆ రసాయనాలు రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతాయి. రక్తనాళాలు సాగాల్సినంత సాగవు, రక్తానికి గడ్డకట్టే గుణం పెరుగుతుంది. స్టెంట్ వేసింది పూడుకున్న చోట మాత్రమే. మిగతా నాళాల్లో కొవ్వు పూడికలు ఉండొచ్చు, వాటిలో ఒకటి చిట్లి దానిమీద రక్తం గడ్డకడితే గుండెపోటే.

నరాల వల్లా కొంత జరుగుతుంది: బీపీ పెరగడం, గుండె లయ దెబ్బతినడం. దీనికి ఏళ్లు అక్కర్లేదు, గంటలు చాలు.

మరీ సన్నని రేణువులైతే రక్తంలోకే దిగిపోతాయి. ఎడిన్‌బరో పరిశోధకులు ఆరోగ్యవంతులైన వాలంటీర్ల చేత బంగారు నానోరేణువులు పీల్పించి 2017లో ఫలితాలు ప్రచురించారు. 24 గంటల్లోపే రక్తంలో బంగారం కనిపించింది, మూడు నెలల తర్వాత కూడా ఒంట్లో జాడ ఉంది. బంగారం ఎందుకంటే, మామూలుగా ఒంట్లో ఉండదు కాబట్టి వెతకడం తేలిక.

నా పనికి దగ్గరిది 2007 నాటి ప్రయోగం. ఒకసారి గుండెపోటు వచ్చి కోలుకున్న 20 మంది మగవాళ్లను పలచబరిచిన డీజిల్ పొగలో ఒకసారి, వడకట్టిన గాలిలో ఒకసారి, మధ్యమధ్యలో ఆగుతూ వ్యాయామం చేయించారు. డీజిల్ పొగ ఉన్నప్పుడు ఈసీజీలో ఎస్టీ భాగం ఎక్కువ కిందికి దిగింది. అంటే గుండె కండరానికి రక్తం చాలడం లేదన్నమాట. ఎస్టీ దిగుతుంటే మేం ట్రెడ్‌మిల్ ఆపడానికి చెయ్యి సిద్ధంగా పెట్టుకునేవాళ్లం! పైగా, గడ్డల్ని కరిగించే పదార్థం విడుదల కూడా తగ్గింది.

మబ్బుచాటు గారూ, సిగరెట్ సంగతి లెక్కలోకి తీసుకున్నాకే తేలిన విషయమిది. అమెరికాలో ఆరు నగరాలవాళ్లను ఏళ్ల తరబడి గమనించి 1993లో ప్రచురించిన అధ్యయనంలో, పొగతాగే అలవాటు ప్రభావాన్ని పక్కనపెట్టినా, అన్నిటికన్నా మురికి గాలి ఉన్న నగరంలో మరణాల రేటు శుభ్రమైన నగరంకన్నా 26 శాతం ఎక్కువ.

మబ్బుచాటు
సరేనండీ, కానీ ఊపిరి పీల్చడం మానేయలేం కదా.

వెన్నెలదారి
అంత వివరంగా రాసినందుకు థాంక్స్ అండీ. మాస్క్ పెట్టుకుని నడిస్తే?

పాత ఈసీజీ
గుడ్డ మాస్క్ వల్ల పెద్దగా ఉపయోగం లేదు. ఎన్95 పనిచేస్తుంది, కానీ ముఖానికి బిగుతుగా అతుక్కోవాలి. గడ్డం ఉంటే పక్కలనుంచి గాలి దూరిపోతుంది. ఊపిరి ఆడనట్టుంటే బలవంతంగా పెట్టించొద్దు. గాలి బాగాలేని రోజు ఇంట్లోనే నడిపించండి. మామూలు రోజుల్లో కూడా వాహనాల రద్దీ ఉన్న రోడ్డు వదిలి లోపలి వీధి పట్టమనండి. నడకే మానేస్తానంటే మాత్రం ఒప్పుకోవద్దు, స్టెంట్ వేసుకున్నవారికి అదీ మందే. డాక్టరుగారు రాసిన మాత్రలు ఒక్కపూట కూడా ఆపొద్దు.