అప్‌డేట్: అక్క కోలుకుంటోంది

కాన్పు సమయంలో అక్కకు ఉన్నట్టుండి ఊపిరాడక, రక్తపోటు పడిపోయి, గుండె ఆగిందని, కారణం ఏమై ఉంటుందని అడిగాను కదా. అది ఉమ్మనీటి ఎంబాలిజం అని వైద్యులు తేల్చారు. ఉమ్మనీరు తల్లి రక్తంలో కలిసినప్పుడు అరుదుగా కొందరిలో శరీరం తీవ్రంగా ప్రతిస్పందిస్తుంది. గుండె, ఊపిరితిత్తులు కుప్పకూలుతాయి. ఆపై రక్తం గడ్డకట్టక ఆగని రక్తస్రావం. అక్కకూ అంతే. ఛాతీ నొక్కుతూ గుండెను మళ్లీ కొట్టుకునేలా చేశారు, రక్తం, ప్లాస్మా ఎక్కిస్తూనే ఉన్నారు. ఆ బృందానికి జన్మంతా రుణపడి ఉంటాం.

దీన్ని ముందే పసిగట్టే పరీక్ష లేదు. మిగతా కారణాలను తోసిపుచ్చి, లక్షణాలను బట్టే నిర్ధారిస్తారు. తానేదో పొరపాటు చేశానని అక్క కుమిలిపోతోంది. లేదు, ఆమె చేసిందేమీ లేదు! బిడ్డ క్షేమం. అక్క ఐసీయూ నుంచి వార్డుకు వచ్చింది.