అప్‌డేట్: ఏసీ కంప్రెసర్ గాలిలో ఆయిల్ సమస్య తీరింది

పాత కారు ఏసీ కంప్రెసర్‌ను టైర్లకు గాలి కొట్టడానికి ఇంజిన్‌కు బిగించాను, గాలితోపాటు ఆయిల్ వస్తోంది అని అడిగాను కదా. మీరు చెప్పిందే నిజం. ఏసీలో ఆయిల్ గ్యాస్‌తో కలిసి తిరిగి కంప్రెసర్‌కే చేరుతుంది. ఇక్కడ బయటి గాలిని పీలుస్తుంది కాబట్టి, పోయిన ఆయిల్ మళ్లీ రాదు. అలాగే నడిపి ఉంటే కంప్రెసర్ పట్టేసేది!

ఇప్పుడు గాలి లోపలికి వెళ్లే దారిలో ఫిల్టర్, దాని తర్వాత చుక్కచుక్కగా ఆయిల్ వేసే లూబ్రికేటర్ పెట్టాను. గాలి నిల్వ చేసే ట్యాంక్‌కు ముందు గాలిలోంచి ఆయిల్‌ను వేరుచేసే సెపరేటర్, గాలి వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వ్ ఉన్నాయి. బయటికొచ్చే గాలి బాగా వేడిగా ఉంటుంది, రబ్బరు గొట్టం మెత్తబడింది. స్టీల్ అల్లిక గొట్టం వేశాక టెన్షన్ పోయింది. 120 పీఎస్ఐ రాగానే ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ను ఇంజిన్‌తో కలిపే క్లచ్‌ను ఆపేస్తోంది. ట్యాంక్‌కు, ప్రెషర్ మరీ పెరిగితే గాలిని వదిలేసే సేఫ్టీ వాల్వ్ పెట్టడం మాత్రం దయచేసి ఎవరూ మానకండి.